గ్యారేజీలో పడున్న గుర్రం జీను పాన్ షాపులో అమ్ముకోవడం ఎలా

ముందే చెప్తున్నా, పాన్ షాపు అంటే కిళ్ళీ కొట్టు కాదు, అమెరికాలో వస్తువులు తాకట్టు పెట్టుకునే, పాతవి కొనే షాపు. ఇంకోటి, మాకు గుర్రం లేదు, ఎప్పుడూ లేదు. కానీ మూడేళ్ళు మా గ్యారేజీలో రెండు జీనులు, నాలుగు కళ్ళేలు, ఒక పెద్ద డబ్బా నిండా తోలు పట్టీలు ఉండేవి, ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ గుర్రాన్ని ఎక్కడ కట్టేశారండీ అని అడిగేవాళ్ళు. డాలస్ పైన ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలీనా వైపు ఉన్న మనవాళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది, అరగంట డ్రైవ్ చేస్తే ఆబ్రీ, పైలట్ పాయింట్, అంతా గుర్రాల కొట్టాలే, పిల్ల ఎవరి బర్త్‌డే పార్టీలోనో ఒకసారి గుర్రం ఎక్కుతుంది, ఇక ఇంట్లో అదే పాట. లెసన్లు మొదలవుతాయి, తర్వాత సొంత జీను కావాలంటారు, తర్వాత బూట్లు, హెల్మెట్. రెండేళ్ళకి పిల్ల ఎదిగిపోతుంది లేదా డిబేట్ క్లబ్‌లో చేరిపోతుంది, సామాను మాత్రం మనకి మిగుల్తుంది.

మా ఆవిడ రోజూ అనేది, ఆ గుర్రం సామాను తీస్తారా లేక నేను బయట పడెయ్యనా అని. ఆన్‌లైన్‌లో పెడితే సగం మంది ఇంకా ఉందా అని అడిగి మాయమైపోతారు, మిగతా సగం మంది శనివారం వస్తామని రారు. అందుకే పాన్ షాపు దారి పట్టా. ఆ తిరుగుడులో నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నా, టెక్సాస్ సంగతులే ఎక్కువ, వేరే స్టేట్‌లో ఉంటే రూల్స్ కొంచెం మారతాయి.

మొదట ఒకటి తేల్చుకోండి, అమ్ముతున్నారా, తాకట్టు పెడుతున్నారా. లోపలికి వెళ్ళగానే కౌంటర్‌లో అడిగే మొదటి ప్రశ్న అదే, సెల్ ఆర్ పాన్ అని. మన దగ్గర బంగారం కుదువ పెట్టినట్టే వస్తువు వాళ్ళ దగ్గర ఉంచి అప్పు తీసుకోవడం పాన్, టికెట్ ఇస్తారు, దాని మీద గడువు తేదీ ఉంటుంది, కట్టకపోతే వస్తువు వాళ్ళదైపోతుంది, అంతే, మన క్రెడిట్ స్కోర్ జోలికి రారు. కానీ వడ్డీ చూసుకోండి. టెక్సాస్‌లో చిన్న అప్పుల మీద నెలకి 20 శాతం దాకా తీసుకోవచ్చు, మన లెక్కలో చెప్పాలంటే నూటికి ఇరవై రూపాయల వడ్డీ. ఊళ్ళో నూటికి అయిదు రూపాయలంటేనే నోళ్ళు నొక్కుకుంటాం. మళ్ళీ గుర్రం ఎక్కే ఉద్దేశం లేనప్పుడు తాకట్టు ఎందుకు, సూటిగా అమ్మేయండి.

ఇక జీను గురించి. మీ దగ్గరున్నది వెస్టర్నా ఇంగ్లీషా అన్నది ముందు తెలియాలి. ముందు భాగంలో పిడికిట్లో పట్టేంత కొమ్ము ఉంటే అది వెస్టర్న్, దాన్ని హార్న్ అంటారు, పశువుని తాడేసి పట్టాక ఆ తాడు చుట్టేది దానికే. కొమ్ము లేకుండా చిన్నగా, పల్చగా, తేలిగ్గా ఉంటే ఇంగ్లీష్. టెక్సాస్ పాన్ షాపుల్లో వెస్టర్న్ నడిచినట్టు ఇంగ్లీష్ నడవదు, జర్మనీ స్టూబెన్, ఫ్రాన్స్ ఆంటారెస్ లాంటి వేల డాలర్ల జీను తీసుకెళ్ళినా అక్కడి కుర్రాడికి అదేంటో తెలియకపోవచ్చు, అలాంటివి పాన్ షాపుకి తీసుకెళ్ళకండి, కన్‌సైన్‌మెంట్ మీద అమ్మిపెట్టే టాక్ షాపులు, అంటే గుర్రం సామాను షాపులుంటాయి, వాళ్ళకివ్వండి, నెలలు పట్టినా సరే.

తర్వాత పేరు వెతకండి. ధరలో సగం పేరులోనే ఉంటుంది. ముద్ర ఎక్కడుంటుందంటే, హార్న్ కింద చిన్న పలక మీద, లేదా వెనక ఎత్తుగా లేచే అంచు ఉంటుంది కదా క్యాంటిల్ అని, దాని వెనక, లేదా రికాబు వేలాడే వెడల్పాటి తోలు కింద, దాన్ని ఫెండర్ అంటారు, ఎత్తి చూస్తే కనపడుతుంది. సీరియల్ నంబర్ కూడా ఈ చుట్టుపక్కలే కొట్టి ఉంటుంది, ఫోన్ టార్చ్ వేసుకుని చూడండి. నేను అమ్మిన జీను సర్కిల్ వై కంపెనీది, టెక్సాస్‌లోనే యోకమ్ అనే ఊరిది, ఆ ఊరు తోలు పనికి పేరుమోసిన ఊరు. ఈ పేరు చెప్తే పాన్ షాపు వాడి కనుబొమ్మ కాస్త లేస్తుంది. మార్టిన్, క్రేట్స్, బిగ్ హార్న్ ఇవి కూడా వాళ్ళకి తెలిసిన పేర్లే.

బిల్లీ కుక్ అనే పేరు దగ్గర మాత్రం ఒక మెలిక ఉంది. అదే పేరుతో రెండు చోట్ల జీనులు తయారయ్యాయి, ఒకటి ఓక్లహోమా సల్ఫర్‌లో, ఇంకోటి టెక్సాస్ గ్రీన్‌విల్‌లో. పేరు కింద ఊరి పేరు కూడా కొట్టి ఉంటుంది. సల్ఫర్ అని ఉంటే గిరాకీ ఎక్కువ. పాన్ షాపు వాడు అది చదివి కూడా చదవనట్టు ఉంటాడు, మీరు చదివి వెళ్ళండి.

ఇక్కడ నా పరువు తీసే విషయం ఒకటి చెప్పాలి. మా అమ్మాయికి కొన్న మొదటి జీను ఆన్‌లైన్‌లో 160 డాలర్లకి వచ్చిన కొత్తది, ఎర్రగా మెరిసిపోతూ, మొత్తం పూల చెక్కుడుతో. కింద చూస్తే మేడ్ ఇన్ ఇండియా. అబ్బ మనదే అని మురిసిపోయా కూడా. స్వారీ నేర్పే ట్రైనరావిడ దాన్ని తిరగేసి చూసి, ఇది నా గుర్రం మీద పెట్టను, వీపు పుండవుతుంది అంది, అంతే, ఒక్క రోజు కూడా వాడలేదు. ఇక్కడి గుర్రాల వాళ్ళలో ఇండియా జీను అంటే చవక సరుకు అని ఒక ముద్ర పడిపోయింది, నిజానికి కాన్పూర్‌లో మంచి జీనులు చేసి ప్రపంచమంతా పంపుతున్నారు, కాన్పూర్ జీనుకి జిఐ ట్యాగ్ కూడా ఉంది, మన పోచంపల్లి చీరకి ఉన్నట్టే. కానీ వంద డాలర్ల జీను ఏ దేశంలో కుట్టినా వంద డాలర్ల జీనే కదా. పేరూ ఊరూ లేని ఇలాంటివి పాన్ షాపు వాడు ముట్టుకోడు కూడా, పెట్రోలు దండగ.

పేరు తర్వాత చూసేది ట్రీ. జీను లోపల ఉండే చట్రం అది, చెక్కకి పచ్చితోలు చుట్టి గానీ ఫైబర్‌గ్లాస్‌తో గానీ చేస్తారు. అది విరిగితే జీను చచ్చినట్టే, పైన తోలు ఎంత నిగనిగలాడినా సరే. ఇంట్లోనే చూసుకోవచ్చు, జీను ముందు భాగాన్ని పొట్టకి ఆనించి పట్టుకుని క్యాంటిల్‌ని రెండు చేతులతో మీ వైపు గట్టిగా లాగండి. సీటు మధ్యలో మడత పడినా, కిర్రు కిర్రుమన్నా, ఏదో కదిలినట్టు అనిపించినా అనుమానించాల్సిందే. తర్వాత బోర్లా తిప్పి కింద రెండు పక్కలా ఉన్న పొడుగు పట్టెల్ని నొక్కండి, రెండూ ఒకేలా గట్టిగా ఉండాలి. ఇంగ్లీష్ జీను అయితే స్ప్రింగ్ ట్రీ కాస్త వంగడం మామూలే, భయపడకండి. తెలిసిన షాపు వాడు సరిగ్గా ఇదే పని మీ ముందు చేస్తాడు, అప్పుడు కిర్రుమంటే మీ మొహం చూడాలి.

కొలత కూడా తెలిసి ఉండాలి. వెస్టర్న్‌లో హార్న్ కింద సీటు మొదలయ్యే చోటు మధ్య నుంచి క్యాంటిల్ పై అంచు మధ్య దాకా టేపు పెట్టండి, పెద్దవాళ్ళకి 15, 16 అంగుళాలు, పిల్లలకి 12, 13. ఇంగ్లీష్‌లో ముందు పక్కన ఉండే చిన్న మేకు తల నుంచి క్యాంటిల్ మధ్యకి కొలవాలి, 16 నుంచి 18 మధ్య వస్తుంది. మాది 13. పిల్లల జీను త్వరగా పోతుంది, ఎందుకంటే ప్రతి సంవత్సరం మాలాంటి ఇంకో తండ్రి దొరుకుతాడు.

ఇప్పుడు శుభ్రం చెయ్యడం, ఇక్కడ చాలామంది అతి చేస్తారు, నేనూ చేశా. టెక్సాస్ గ్యారేజీ వేసవిలో పొయ్యిలా ఉంటుంది, తోలు ఎండి బిరుసెక్కుతుంది. పైన బూజు తెల్లగా పట్టి ఉంటే బయటికి తీసుకెళ్ళి దులిపి, తెల్ల వెనిగర్ నీళ్ళలో కలిపి గుడ్డతో తుడిచి నీడలో ఆరబెట్టండి, ఎండలో వద్దు, పగులుతుంది. తర్వాత సాడిల్ సోప్, స్పాంజి తడిపి బాగా పిండేసి నురుగ మాత్రమే తోలుకి పట్టించాలి, నీళ్ళు కారకూడదు. నేను పాత పంచె ముక్క వాడా, అరగంటలో ఆ ముక్క కాఫీ డికాషన్ రంగుకి వచ్చింది, గుర్రం చెమట ఎన్నేళ్ళదో మరి. పట్టీలు మడత పడే చోట, బకిల్ కింద, అక్కడే జిడ్డు పేరుకుంటుంది, పాత టూత్ బ్రష్ పనికొస్తుంది.

చివర్లో కండిషనర్ పల్చగా ఒక్క చెయ్యి. నీట్స్‌ఫుట్ ఆయిల్ పెడితే తోలు మెత్తబడుతుంది గానీ రంగు నల్లబడుతుంది, అది గుర్తుపెట్టుకోండి, నేను ఒక పక్క ఫెండర్‌కి ధారాళంగా పట్టించి తర్వాత చూసుకుంటే రెండు పక్కలూ రెండు రంగులు. మళ్ళీ రెండో పక్కకి కూడా పట్టించి సరిచేశా, కానీ చేతికి జిడ్డు అంటుకునే జీనుని చూసి షాపు వాడు ఏదో దాస్తున్నాడు వీడు అనుకుంటాడు. సీటు సూయెడ్‌లా గరుకుగా ఉంటే దానికి నూనె అస్సలు పెట్టకండి, పొడి బ్రష్‌తో రుద్దండి చాలు. కింద గొర్రెబొచ్చులాంటి లైనింగ్ ఉంటుంది, అందులో గుర్రం వెంట్రుకలు, గడ్డిపరకలు ఇరుక్కుని ఉంటాయి, కుక్కల్ని దువ్వే బ్రష్‌తో దువ్వండి. వెండి బిళ్ళలుంటే తళతళలాడించండి, కన్ను ముందు అక్కడికే పోతుంది.

పట్టీలు ఒక్కొక్కటీ మడిచి చూడండి, మడత దగ్గర సన్న పగుళ్ళు కనిపిస్తే లోపల కుళ్ళిపోయినట్టు. ముఖ్యంగా గుర్రం పొట్ట కింద నుంచి జీనుని బిగించే పట్టీ సించ్, దాన్ని కట్టే తోలు పట్టీ లాటిగో, అది తెగితే మనిషి కింద పడతాడు. దాన్ని కొత్తది వేసి అమ్మాలా అంటే వద్దు, ఆ ఖర్చు తిరిగి రాదు, ఉన్నదున్నట్టు చెప్పేయండి.

మిగతా సామాను సంగతి క్లుప్తంగా చెప్తా. కళ్ళెం, పగ్గాలు, ఛాతీ పట్టీ ఇవి విడిగా తీసుకెళ్తే చిల్లర ధర చెప్తాడు, జీనుతో కలిపి సెట్‌గా పెడితే వాటి పేరు చెప్పి పాతికో యాభయ్యో లాగొచ్చు. సాడిల్ ప్యాడ్ మురికిదైతే తీసుకెళ్ళకండి, వాసనకి మొత్తం బేరం చెడుతుంది. హెల్మెట్ ఎవరూ కొనరు, కొనకూడదు కూడా, ఒకసారి దెబ్బ తగిలిన హెల్మెట్ లోపల నలిగిపోయి ఉంటుంది, పైకి కనపడదు. ఒక్క విషయంలో మాత్రం కంగారుపడి అమ్మకండి, పాత స్పర్లు (బూటు మడమకి కట్టుకునే ముళ్ళు), బిట్లు (గుర్రం నోట్లో పెట్టే ఇనుము). గరాజ్ సేల్‌లో కొన్న డబ్బాలో తుప్పు పట్టిన స్పర్ల మీద క్రాకెట్ అనో కెల్లీ అనో మెక్‌చెస్నీ అనో ముద్ర ఉందంటే అవి సేకరించే వాళ్ళుంటారు, మెక్‌చెస్నీ మన పక్కనున్న గెయిన్స్‌విల్‌లో కూడా పని చేసినవాడే. తుప్పు గీకకండి, పాలిష్ చెయ్యకండి, పాన్ షాపుకి అసలు తీసుకెళ్ళకండి, వెస్టర్న్ వస్తువుల వేలం వాళ్ళకి చూపించండి.

ధర. వెళ్ళే ముందు ఈబేలో అదే పేరు, అదే సైజు కొట్టి సోల్డ్ ఐటమ్స్ అని టిక్ పెట్టి చూడండి, అడుగుతున్న ధర కాదు, అమ్ముడుపోయిన ధర. కౌంటర్ అవతల వాడు కూడా చూసేది అదే. మాది 550, 600 దగ్గర పోతోంది. పాన్ షాపు అందులో సగం ఇస్తే పండగ, మామూలుగా అంతకంటే తక్కువే చెప్తాడు, వాడు అద్దె కట్టాలి, అది ఎన్నాళ్ళు గోడకి వేలాడుతుందో తెలీదు, వచ్చిన కస్టమర్ మళ్ళీ వాడితో బేరమాడతాడు. ఇది ముందే మనసుకి చెప్పుకుని వెళ్తే అవమానం అనిపించదు. నా మనసులో అంకె 250, దాన్ని ఒక చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నా, ఎందుకంటే బేరంలో మెత్తబడిపోయే రకం నేను.

ఏ షాపుకి వెళ్ళాలి అన్నదాని మీదే మిగతా అంతా. నేను ముందు ఇంటికి దగ్గరున్న మెయిన్ రోడ్ షాపుకి వెళ్ళా, గోడ నిండా గిటార్లు, డ్రిల్ మెషీన్లు, టీవీలు, అద్దాల కింద బంగారు గొలుసులు. అక్కడి కుర్రాడు జీనుని అటూ ఇటూ తిప్పి, ఇందులో ముందు ఏది సర్ అని అడిగాడు. 60 డాలర్లు అన్నాడు. వాడిని తిట్టి లాభం లేదు, తెలియని సరుక్కి ఎవడైనా భయపడి అంతే చెప్తాడు. అందుకే ముందు ఫోన్ చేసి రెండు ప్రశ్నలు అడగండి, జీనులు కొంటారా, ఇప్పుడు మీ షాపులో ఎన్ని ఉన్నాయి అని. ఒక్కటీ లేదంటే వద్దు. నాలుగైదు ఉన్నాయంటే వెళ్ళండి. ఇరవై ఉన్నాయంటే వాడికింక చోటు లేదు, ధర దిగుతుంది. ఫోర్ట్ వర్త్ అవతల వెదర్‌ఫర్డ్ వైపు, ఇటు డెంటన్ పైన చిన్న ఊళ్ళ వైపు షాపులకి ఈ సరుకు బాగా తెలుసు, వెదర్‌ఫర్డ్‌ని కటింగ్ గుర్రాల, అంటే మందలోంచి పశువుని విడదీసే గుర్రాల రాజధాని అనే పిలుస్తారు మరి. గంట డ్రైవ్ అయినా సరే.

వెళ్ళేటప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ లాంటి ఫోటో ఐడి తప్పనిసరి, 18 నిండాలి. వివరాలు రాసుకుంటారు, పోలీసులకి అందుబాటులో ఉంటాయి, అందులో కంగారేం లేదు. జీను దొంగతనాలు టెక్సాస్‌లో ఎక్కువే, వాటిని వెతకడానికి పశువుల పెంపకందార్ల సంఘం క్యాటిల్ రైజర్స్ అసోసియేషన్ వాళ్ళకి ప్రత్యేకంగా రేంజర్లే, అంటే పోలీసు అధికారాలున్న వాళ్ళే ఉన్నారు. అందుకే మనం కొన్న రసీదు గానీ, పిల్ల ఆ జీను మీద కూర్చున్న ఫోటో గానీ ఫోన్‌లో పెట్టుకోండి. చివరికి నా జీను కొన్న షాపు పెద్దాయనకి నేను ఫోటో చూపించా, ఆయన కాస్త నవ్వాడు, బేరం అక్కడే మెత్తబడిందని నా నమ్మకం.

ఆ పెద్దాయన గురించి చెప్పాలి. జీనుని కౌంటర్ మీద పెట్టగానే మాట్లాడలేదు, బోర్లా తిప్పాడు, బొచ్చులో వేళ్ళు దూర్చాడు, లాటిగో మడిచి చూశాడు, ముక్కు దగ్గర పెట్టి వాసన చూశాడు, తర్వాత పొట్టకి ఆనించి క్యాంటిల్ లాగాడు. కిర్రుమనలేదు. ఎంత కావాలి అన్నాడు. ఇక్కడ మనవాళ్ళు తడబడతారు, మీరే చెప్పండి అంటారు, అప్పుడు వాడు 100 అంటాడు, అక్కడ్నించి పైకి లాగడం కష్టం. నేను ముందే అనుకున్నట్టు 350 అన్నా, ఇలాంటివి 600కి పోతున్నాయి కదా అని కూడా అన్నా. ఆయన 180 అన్నాడు. నేను ఏమీ అనలేదు. నిజంగా ఏమీ అనలేదు, గోడ మీద జీనులు చూస్తూ నిలబడ్డా, మా నాన్న మిర్చి యార్డులో నిలబడేవాడు ఇలాగే. ఆయన 220 అన్నాడు. అప్పుడు కారులోంచి ఛాతీ పట్టీ, రెండు కళ్ళేలు తెచ్చి పక్కన పెట్టి అన్నీ కలిపి 280 అన్నా. 260 దగ్గర తెగింది. ముందే అన్నీ కౌంటర్ మీద పరిచేసి ఉంటే ఆ 220లోనే అవన్నీ కలిసిపోయేవి, కాబట్టి కొంచెం సామాను కారులో ఉంచుకోండి.

డబ్బు క్యాష్‌గానే ఇచ్చాడు, కాగితం మీద సంతకం, ఒక కాపీ మనకి. ఆ కాగితంలో సేల్ అని ఉందో పాన్ అని ఉందో చదివి సంతకం పెట్టండి. ఇంకోటి, మండే ఎండల్లో గుర్రాలు ఎక్కేవాళ్ళు తగ్గుతారు, చలి తగ్గి పిల్లలు మళ్ళీ లెసన్లకి బయల్దేరే ఫిబ్రవరి, మార్చిలో వెళ్తే మాట కాస్త వింటారు అని నాకనిపించింది, నేను వెళ్ళింది మార్చిలో.

ఇంటికొచ్చి 260 మా ఆవిడ చేతిలో పెడితే ఎంతకి కొన్నారు అని అడగలేదు, గ్యారేజీలో ఇంకోటి ఉందిగా అంది. అవును, ఆ ఎర్ర మేడ్ ఇన్ ఇండియా జీను. నాలుగు షాపుల వాళ్ళు వద్దన్నారు. ఎవరికైనా కావాలంటే ఊరికే ఇస్తా, ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకో ఫోటోలకో భలే ఉంటుంది, ఒక్కటే షరతు, గుర్రం మీద మాత్రం వెయ్యకూడదు.